పరాయి ఇంటి ముందు పచ్చగడ్డి



పోయిన నెల నేను పెట్టిన రెండు ఫోటోలు చూసి చానమంది ఫోన్ చేసిండ్రు. మొదటి ఫోటోల ఇంటి ముందు అంతా పసుపు పూల కలుపు, బోడి మట్టి, గుంతలు. రెండో దాంట్ల అదే ఇల్లు, ముందు నిండుగ పచ్చటి గడ్డి. "అన్నా, ఏం మందు కొట్టినవ్?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. మందుతోని ఏం కాలేదు. రెండేండ్లు పట్టింది. మొదటి ఏడాది అంతా తప్పే చేసిన. అదంతా ఉన్నదున్నట్టు రాస్తున్న. కొంచెం పెద్దగుంటది, ఆదివారం తీరిక మీద చదువుకోండ్రి.

నేనుండేది రిచ్‌మండ్ హిల్. టొరంటోకు ఉత్తరాన, యాంగ్ స్ట్రీట్ పొంటి ఉంటది. ఒకప్పుడు ఈ ఊరు గులాబీలకు పేరు, పెద్ద పెద్ద గ్రీన్‌హౌస్‌లల్ల పెంచి అమ్మేటోళ్లట. ఇప్పుడు అంతా ఇండ్లే. చైనా వాళ్లు, ఇరాన్ వాళ్లు ఎక్కువ. మా ఇంటి ఓనరమ్మ కూడ ఇరాన్ ఆమెనే. మేము ముగ్గురం బేస్‌మెంట్ల కిరాయికి ఉన్నం. నేను, ఒక గుంటూరు తమ్ముడు, ఒక నిజామాబాద్ తమ్ముడు. ఆమెను "ఖానుమ్" అని పిలుస్తం, వాళ్ల భాషల అమ్మగారు అన్నట్టు.

ఖానుమ్ భర్త ఉన్నప్పుడు ఆయనే గడ్డి చూసుకునేటోడట. ఆయన పోయినంక ఎవ్వరూ పట్టించుకోలేదు. ఒక ఏప్రిల్ నెలల మంచు కరిగినంక ఆమె నన్ను పిలిచి, ముందు జాగ చూపించి, "చమన్ ఖరాబ్" అన్నది. నాకు నవ్వొచ్చింది. మనకు తెలిసిన ఉర్దూల చమన్ అంటే పూలతోట. వాళ్లకు చమన్ అంటే లాన్. ఖరాబ్ మాత్రం ఇద్దరికీ ఒకటే. గడ్డి బాగు చేస్తే మే నుంచి అక్టోబర్ దాక నెలకు వంద డాలర్లు కిరాయిల తగ్గిస్త, సామాను ఖర్చు నేను పెట్టుకుంట అన్నది. సరే అన్న.

రూముకు వచ్చి చెప్తే గుంటూరు తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నా, వాళ్ల అబ్బాయి ఇల్లు అమ్మేద్దాం అంటున్నాడు. ముందు గడ్డి ఇట్టా ఉంటే రేటు రాదని ఆగారు. నువ్వు బాగు చేస్తే మనల్ని మనమే బయటికి పంపించుకున్నట్టు కాదా?" అన్నడు. మాట నిజమే. ఈ చుట్టుపక్కల ముగ్గురికి సరిపోయే బేస్‌మెంట్, బస్సుకు దగ్గర, అంత కిరాయికి మళ్ల దొరకదు.

నాకు మా నాయిన యాదికొచ్చిండు. ఆయన కౌలు రైతు. మా ఊర్ల కౌలు పొలానికి ఎవ్వరూ పెంట తోలకపోయేటోళ్లు. భూమి బాగైతే పటేల్ కౌలు పెంచుతడు, లేకుంటే వాపస్ తీసుకుంటడు, మన కష్టం మట్టిల కలుస్తది అనేటోళ్లు. మా నాయిన మాత్రం ఎండకాలంల ముప్పై బండ్ల పెంట తోలిండు. మూడేండ్లు మంచిగ పండింది. నాలుగో ఏడు పటేల్ భూమి తీసేసుకున్నడు. ఊరంతా నవ్విండ్రు. ఆ ముచ్చట మీద నేను ఇరవై ఏండ్లు మా నాయిన మీద కోపంగనే ఉన్న. అయినా ఖానుమ్‌కు మాటిచ్చిన. వంద డాలర్ల ఆశ కూడ ఉన్నది, దాచేది లేదు.

ఇగ మొదటి ఏడాది తప్పులు.

మొదటి తప్పు, మందు కోసం పోవుడు. మన దగ్గర గట్ల మీద కొట్టే గ్లైఫోసేట్ ఉంటది గద, అది అడుగుదామని దుకాణానికి పోయిన. అక్కడి పిల్లగాడు నన్ను వింతగ చూసిండు. ఒంటారియోల 2009 ఏప్రిల్ 22 నుంచి ఇంటి గడ్డికి అందం కోసం కలుపు మందులు కొట్టుడు బంద్. పొలాలకు, గోల్ఫ్ మైదానాలకు వేరే రూల్స్. ఇంటోళ్లు గ్లైఫోసేట్ వాడాల్నంటే పాయిజన్ ఐవీ అసొంటి, ఒంటికి తాకితే బొబ్బలు లేపే మొక్కలకే. గడ్డి మీద కొడితే ఎట్లాగూ గడ్డి కూడ చస్తది, అది వేరే సంగతి. ఈ కథ ఎక్కడ మొదలైందంటే క్యూబెక్‌ల హడ్సన్ అనే చిన్న ఊరు. 1991ల వాళ్లు ఊరి వరకు మందులు బంద్ పెట్టిండ్రు. మందు కొట్టే కంపెనీలు కోర్టుకు పోయినయి. 2001ల కెనడా సుప్రీం కోర్టు ఊరిదే న్యాయం అన్నది. దాని తర్వాత ఒక్కొక్క ఊరు, ఒక్కొక్క రాష్ట్రం అదే బాట పట్టింది.

వెడల్పాకు కలుపుకు ఇనుముతోని చేసిన మందు ఒకటి అమ్మనిస్తరు. అది తెచ్చి కొట్టిన. ఆకులు ఒక్క పూటల నల్లగైనయి. సంబురపడ్డ. మూడు వారాలకు డాండెలయన్ మళ్ల చిగురేసింది, ఎందుకంటే దాని వేరు ముల్లంగి లెక్క కిందికి దిగి ఉంటది, ఒక్కసారి కొడితే పైపై ఆకే మాడుతది. పైనుంచి ఆ మందు కారుబాట సిమెంటు మీద పడి తుప్పు మరకలైనయి. ఇరవై ఏండ్లు కాంక్రీట్ పని చేసినోణ్ని, ఇనుము నీళ్లు కాంక్రీట్ మీద పడితే ఏమైతదో నాకు తెల్వదా? తొందరల సోయి లేదు.

రెండో తప్పు, చేతులతోని పీకుడు. ఎండిన మట్టిల పీకితే వేరు నడుమ తెగుతది. తెగిన ముక్క నుంచి మళ్ల మొలకలొస్తయి. ఒక్కటి పీకితే రెండు మూడు తలలు లేసినయి.

మూడో తప్పు, మిషన్ కత్తి కిందికి దించి ఒక్క అంగుళం మిగిలేటట్టు కోసుడు. నాలుగో తప్పు, జూన్‌ల విత్తుడు. మనకు మృగశిర కార్తె వచ్చిందంటే విత్తనం చేతుల ఉండాలె. అదే లెక్కన జూన్ రెండో వారంల సస్తా విత్తనం చల్లి, రోజూ మధ్యాహ్నం పైపైన నీళ్లు చల్లుమని నైట్ షిఫ్ట్‌ల ఉన్న నిజామాబాద్ తమ్మునికి చెప్పిన. వారం రోజులకే సన్నగ పచ్చగ లేసింది. ఫోటో తీసి ఇంటికి పంపిన. జులై ఎండకు అంతా మాడి బూడిదైంది. దాని జాగల ఎండ్రకాయ కాళ్ల లెక్క పరుచుకునే క్రాబ్‌గ్రాస్ వచ్చింది. దానితోని పాటు ఇంకోటి వచ్చింది. ఏంటిదో చెప్తే నమ్మరు. గంగవాయిల కూర! మనం పప్పుల ఏసుకునేదే. ఇక్కడోళ్లకు అది కలుపు.

నేను పీకబోతే ఖానుమ్ పరుగున వచ్చింది. "ఖోర్ఫే, ఖోర్ఫే" అని చెంగుల ఏరుకున్నది. వాళ్లు కూడ తింటరట, పెరుగుల కలుపుకొని. ఆ రోజు పైన ఆమె పెరుగు, కింద మా పప్పు. మందు కొట్టిన జాగ విడిచి, గోడ పక్క నుంచే కోసుకున్నం. ఒక్క జాగ్రత్త చెప్పాలె. అసొంటిదే నేలకు పరుచుకునే ఇంకో మొక్క ఉంటది, మన నానబాలు జాతి. కాడ తుంచితే పాలు కారుతయి. పాలొస్తే తినొద్దు. గంగవాయిలికి పాలు రావు, కాడ లావుగ నీరు నీరుగ ఉంటది.

అసలు నాకు అంత ధైర్యం ఎక్కడిదంటే, మస్కట్‌ల మొదటి రెండేండ్లు నేను చేసింది గడ్డి పనే. అక్కడ ఏ పాడుబడ్డ లాన్‌నైనా కిందికంటా కోసి, ఇసుక పరిచి, ఎరువేసి, రోజూ నీళ్లు పెడితే నెల రోజులల్ల లేసేది. అదే ఇక్కడ చేసిన. తేడా చాన రోజులకు సమజైంది. గల్ఫ్‌ల పెట్టేది మన గరకనే, లేకుంటే పాస్పలం. వినాయకునికి పెట్టే గరకకు నేల మీద తీగలు, నేల కింద తీగలు రెండూ ఉంటయి. పైన ఎంత కోసినా కిందికెల్లి వస్తది. దానికి ఎండలే పండుగ. ఇక్కడి గడ్డి చలి గడ్డి. రైగ్రాస్, ఫెస్క్యూ ఎక్కువగ కుదురు నుంచే పిలకలేస్తయి, గరక లెక్క పాకవు. కెంటకీ బ్లూగ్రాస్ నేల కింద పాకుతది గని నిదానంగ. వీటికి బలం వసంతంల, చలికాలం ముందు. జులైల ఎండిపోయినట్టు కనబడితే సగం సార్లు అది సచ్చింది కాదు, పండుకున్నది.

గల్ఫ్‌ల లాన్ పని చేసే తమ్ముళ్లకు రెండు మాటలు. అక్కడ పాడైన గరకను లేపాల్నంటే ఎండలు ముదిరే ముందు మొదలు పెట్టుండ్రి, చలికాలంల కాదు. నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, రోజూ కొంచెం కొంచెం పెడితే ఉప్పు పైన్నే పేరుకుంటది. అప్పుడప్పుడు నిండుగ పెట్టి కిందికి దించాలె. తుంగ కనబడితే పైన ఆకు తెంపి వదిలిపెట్టొద్దు, కింద గడ్డలుంటయి. వాటితోని సహా తవ్వి తీయాలె, మళ్ల మళ్ల తీయాలె. ఒక్కసారికి పోయే తుంగను నేను చూడలేదు.

మొదటి ఏడాది ఆఖరు దెబ్బ సెప్టెంబర్‌ల. ఒక పొద్దుగాల లేచి చూస్తే లాన్ అంతా ఎవరో గడ్డపారతోని తవ్వినట్టున్నది. రాత్రి స్కంక్ వచ్చి తవ్విందన్నమాట. కింద తెల్లగ, సున్నా లెక్క ముడుచుకున్న పురుగులున్నయి, గ్రబ్స్ అంటరు. పెంకు పురుగుల పిల్లలు, గడ్డి వేర్లు తింటయి. స్కంకులు, రకూన్‌లు వాటి కోసం వస్తయి. అప్పటికి ఖానుమ్‌వి నాలుగు వందల డాలర్లు నీళ్లల్ల పోసిన. ఆమె ఏమనలేదు. నేనే మొఖం చూపించలేక వారం రోజులు పక్క గేటు నుంచి పోయిన.

ఆ తవ్విన గుంతలు పూడ్చేటప్పుడు చేతుల స్క్రూడ్రైవర్ ఉన్నది. ఊరికెనే మట్టిల గుచ్చిన. అంగుళంన్నర కూడ దిగలేదు. పైన రెండేళ్ల మందం నల్లమట్టి, దాని కింద ఇటుక లెక్క బంకమట్టి. అప్పుడు నా బుర్రల లైటు వెలిగింది, ఎందుకంటే ఆ ఇటుకను చేసేది మేమే.

కొత్త సబ్‌డివిజన్ మొదలైతే ముందు డోజర్‌తోని పైమట్టి గీకి ఒక్క పక్క గుట్ట పోస్తం. బేస్‌మెంట్లు తవ్విన బంకమట్టి చుట్టూ పడుతది. దాని మీద ఏడాది పొడుగున ఎక్స్‌కవేటర్లు, లారీలు, ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతయి. ఆఖరుకు లెవెల్ చేసి, గుట్ట నుంచి నాలుగు అంగుళాల పైమట్టి, తొందరుంటే అంత కన్నా తక్కువ, పరిచి సోడ్ చుట్టలు విప్పుతం. తాళాలు ఇచ్చే రోజు పచ్చగనే ఉంటది. వేర్లు కిందికి పోయే తోవ లేక కొన్నేండ్లకు పలుచబడుతది. పలుచబడ్డ జాగల కలుపు వస్తది. కలుపు వచ్చినందుకు గడ్డి పోలేదు, గడ్డి పోయినందుకు కలుపు వచ్చింది. గట్టి మట్టిని డాండెలయన్ వేరు చీల్చుతది, గడ్డి వేరు చీల్చలేదు. నేను ఏడాదంతా కలుపుతోని కొట్లాడిన గని మట్టి దిక్కు చూడలేదు. కౌలు పొలానికి మా నాయిన మందు డబ్బా పట్టుకొని పోలేదు, పెంట బండి తోలుకొని పోయిండు.

రెండో ఏడాది చేసింది వరుసగ రాస్త.

ఏప్రిల్, మేల విత్తలేదు. వాన పడ్డ మర్నాడు, మట్టి పదును మీద ఉన్నప్పుడు, పొడుగు పండ్లున్న పనిముట్టుతోని డాండెలయన్ వేరుతోని సహా తీసిన. రోజుకు అర్ధ గంట, గంతే. కోత మూడు అంగుళాలకు తగ్గించలేదు. ఒక్కసారికి మూడో వంతు కన్నా ఎక్కువ కోయొద్దు. కోసిన గడ్డి అక్కడ్నే వదిలేసిన, అదే ఎరువు. గడ్డి పొడుగుంటే నేలకు నీడ, నీడల క్రాబ్‌గ్రాస్ విత్తనం సరిగ మొలవదు. నీళ్లు వారానికి ఒక్కసారి, తెల్లవారుజామున. ఖాళీ చేపల డబ్బా పెట్టి, దాంట్ల ఒక్క అంగుళం నిండే దాక.

ఆగస్టు మూడో వారంల అసలు పని. మనకు మఖ కార్తె. ఇక్కడ గడ్డికి మఖ, పుబ్బ కార్తెలే విత్తనాల కాలం. నేల వెచ్చగుంటది, గాలి సల్లబడుతది, కలుపు మొలిచే జోరు తగ్గుతది. ముందు రోజు నీళ్లు పెట్టి, మర్నాడు కోర్ ఏరేటర్ కిరాయికి తెచ్చిన. అది మట్టిని వేలంత ముక్కలుగ కిందికెల్లి లాగి పైన పడేస్తది. ఉత్తగ మేకులు గుచ్చే చెప్పులు పని చేయవు, అవి మట్టిని ఇంకా గట్టిగ చేస్తయి. నిలువుగ ఒక్కసారి, అడ్డంగ ఒక్కసారి తిప్పిన. జాగ మొత్తం తొమ్మిది వందల చదరపు అడుగులు. అర అంగుళం మందం పరచడానికి ఒకటిన్నర క్యూబిక్ యార్డుల కంపోస్టు పట్టింది. గుంటూరు తమ్ముడు ఆ రోజు సెలవు. కిటికీల నుంచి చూసి చూసి, ఆఖరుకు వచ్చి వీల్‌బారో పట్టుకున్నడు. ఒక్క మాట మాట్లాడలేదు.

దాని మీద విత్తనం రెండు కిలోలు. బ్లూగ్రాస్, రైగ్రాస్, ఫెస్క్యూ కలిపింది, కొంచెం తెల్ల క్లోవర్. క్లోవర్ గాలిల నత్రజని పట్టి నేలకు ఇస్తది, మన పెసర, జనుము లెక్క. పారతోని కాదు, దువ్వెన పారతోని పైపైన కలిపి, కాలుతోని అదిమిన. మొదటి మూడు వారాలు రోజుకు రెండు మూడు సార్లు పలుచగ నీళ్లు, పైమట్టి ఆరనియ్యొద్దు. రైగ్రాస్ వారంల మొలుస్తది. బ్లూగ్రాస్ రెండు నుంచి నాలుగు వారాలు పడుతది, మొలవలేదని గాబరా పడొద్దు. మొలిచినంక నీళ్లు తగ్గించి, లోతుకు పెట్టాలె. సున్నం వేయమని ఒకాయన చెప్పిండు, వేయలేదు. ఇక్కడి నేల సున్నపురాయి నేల, దానికి ఇంకా సున్నం దేనికి?

గ్రబ్స్‌కు నెమటోడ్‌లు తెచ్చిన. కంటికి కనబడని పురుగులు, గ్రబ్‌ల లోపలికి పోయి సంపుతయి. అవి బతికే ఉండాలె గనుక వేసే దాక ఫ్రిజ్‌ల పెట్టాలె. పెరుగు డబ్బా పక్కన పెడితే నిజామాబాద్ తమ్ముడు ప్యాకెట్ మీది బొమ్మ చూసి రెండు రోజులు బయట తిన్నడు. సెప్టెంబర్ మొదటి వారంల, పొద్దుగూకినంక, తడి నేల మీద నీళ్లల్ల కలిపి పోసిన. ఎండల పోస్తే చస్తయి.

ఆ చలికాలం కారుబాట మీద ఉప్పు చల్లిన మంచును లాన్ మీదికి నెట్టలేదు. మొదటి ఏడాది అంచులు సచ్చింది దానితోనే.

ఏప్రిల్‌ల మంచు పోయినంక స్క్రూడ్రైవర్ గుచ్చిన. పిడి దాక దిగింది. మే నెలకు మీరు చూసిన రెండో ఫోటో. డాండెలయన్లు లేవని కాదు, అక్కడక్కడ ఉన్నయి. ఖానుమ్ సాయంత్రం కుర్చీ వేసుకొని ముందు కూర్చునుడు మొదలు పెట్టింది. అంతకు ముందు ఆమెను ముందు తలుపు దగ్గర ఎన్నడూ చూడలేదు.

జూన్‌ల అమ్మకం బోర్డు పెట్టిండ్రు. ప్రకటనల మొదటి ఫోటో గడ్డిదే. గుంటూరు తమ్ముడు ఫోన్ల నాకు చూపించిండు. "చెప్పాను గదా అన్నా" అని కూడ అనలేదు. అంటే బాగుండు అనిపించింది.

ఈ అవస్థ మీకూ రావొచ్చు గనుక తెలుసుకున్నది చెప్తున్న. వంటిల్లు, బాత్రూం ఓనర్‌తోని కలిసి వాడని కిరాయిదారులకు ఒంటారియోల చట్టం ఉన్నది. బోర్డు పెట్టినంత మాత్రాన ఖాళీ చేయమనడానికి లేదు. అమ్మకం అగ్రిమెంటు అయి, కొన్నోళ్లు తామో, తమ దగ్గరి కుటుంబమో ఉండడానికి అడిగితేనే ఎన్ 12 అనే నోటీసు ఇస్తరు. అరవై రోజుల గడువు, ఒక నెల కిరాయి పరిహారం ఇయ్యాలె. నోటి మాట మీద మూట సర్దుకొని పోవద్దు. మాకు అన్నీ పద్ధతి ప్రకారమే ఇచ్చిండ్రు. పోయే రోజు ఖానుమ్ ఏడ్చింది. ఆమెకు కూడ ఆ ఇల్లు విడిచి కొడుకు ఇంటికి పోవుడు ఇష్టం లేదని అప్పుడే తెలిసింది. మేము ముగ్గురం మూడు తావుల పడ్డం. నా కొత్త రూముకు కిరాయి రెండు వందలు ఎక్కువ.

లెక్క చూస్తే నష్టమే. ఇప్పుడు చేయమన్నా చేస్తవా అని గుంటూరు తమ్ముడు ఫోన్ల అడిగిండు. చేస్త అన్న. ఎందుకో సరిగ చెప్పలేకపోయిన. మా నాయినను కూడ ఒకసారి అడిగిన, పెంట ఎందుకు తోలినవని. "మూడేండ్లు మంచిగ తిన్నం గదరా" అన్నడు. అప్పుడు అది చేతగాని మాట అనిపించింది. ఇప్పుడు అట్ల అనిపిస్తలేదు. మొన్న ఫోన్ల ఆ మాట ఆయనకే చెప్పిన. "ఇప్పుడు యాదికొచ్చిందా" అని నవ్విండు.

పోయిన ఆదివారం ఆ గల్లీ మీదికెల్లి పోయిన. కొత్త ఓనర్, చిన్న పిల్లగాడే, గడ్డి కోస్తుండు. కత్తి కిందికంటా దించి, మట్టి లేసేటట్టు కోస్తుండు. బండి కొంచెం ముందుకు పోయింది. మనసు ఒప్పలేదు. ఆపి, దిగి పోయిన. "రెండు నాచ్‌లు పైకి పెట్టుకో, మూడు అంగుళాలు ఉండనీ" అన్న. మిషన్ బంద్ చేసి, "మీరెవరు?" అన్నడు.

"ఈ ఇంటి కింద ఉండేటోణ్ని" అన్న.

కొద్దిసేపు నా దిక్కు చూసి, వంగి రెండు నాచ్‌లు పైకి పెట్టిండు. నాకు పనికి టైమైంది, వచ్చేసిన.